వైద్యకళాశాలా ప్రవేశము: రెండవ పరీక్ష

వేసవి ముగిసి పాఠశాల తలుపులు తెఱచు దినములలో మన యూరి యిండ్లలో నొక ప్రశ్న తఱుచుగా వినవచ్చుచుండును. "మా పిల్లకు నీట్ పరీక్షలో నిన్ని మార్కులు వచ్చినవి. సీటు వచ్చునా, రాదా?" ఈ ప్రశ్న నడుగువారిలో రైల్వే నౌకరులు గలరు, కంటోన్మెంటులో కొలువు చేయువారు గలరు, మోండా మార్కెటులో చిన్న దుకాణము నడుపుకొనువారు గలరు. మార్కులే సర్వమని వారి నమ్మకము. మార్కులు ముఖ్యమే, కాదనము. కాని మార్కులకును కళాశాలకును నడుమ మఱియొక పరీక్ష గలదు. దానికి పాఠ్యపుస్తకము లేదు, బోధించు పంతులు లేడు. దానినే కౌన్సెలింగు అందురు. మొదటి పరీక్షలో తప్పిన పిల్లవాడొక్కడే తప్పును. ఈ రెండవదానిలో ఇల్లంతయు తప్పును.

మా యభిప్రాయ మేమన: ఈ రెండవ పరీక్షకు సిద్ధపడుట ఇంటర్మీడియేటు ముగిసిన పిదప గాక తొమ్మిదవ తరగతినాడే మొదలు కావలెను. దానిని సొమ్మిచ్చి యొరులచేత చేయించుకొనుట మాని యింటివారే నేర్చుకొనవలెను. అందు ఉన్నత పాఠశాలకును ఒక కర్తవ్యము గలదు. ఈ మూడు మాటలనే దిగువ వివరించుచున్నాము.

మొదటి పరీక్షను గుఱించి క్లుప్తముగా చెప్పుదుము. దేశమంతటికి నొకే వైద్యప్రవేశ పరీక్ష యను పద్ధతి 2013వ సంవత్సరమున మొదలయ్యెను. ఆ యేడే సుప్రీముకోర్టు దానిని కొట్టివేసెను; 2016లో ఆ తీర్పును మరల తానే యుపసంహరించెను. అంతవఱకు మన ప్రాంతమున ఎంసెట్ అను పరీక్షయే వైద్యవిద్యకు ద్వారమై యుండెను. 2017 మొదలుకొని మన రాష్ట్రపు సీట్లన్నియు నీట్ ర్యాంకును బట్టియే యిచ్చుచున్నారు. 2025లో జరిగిన పరీక్షలో 180 ప్రశ్నలు, 720 మార్కులు, 180 నిమిషముల వ్యవధి. సరియైన సమాధానమునకు నాలుగు మార్కులు కలుపుదురు; తప్పు సమాధానమున కొకటి తీసివేయుదురు. ప్రశ్నలలో సగము జీవశాస్త్రమునకు జెందినవి. తెలుగులోను పరీక్ష వ్రాయవచ్చును. ఆ సంవత్సరము 22 లక్షల మంది వ్రాయగా 12 లక్షలకు పైబడి యర్హులని తేలిరి. దేశమందలి ఎం.బి.బి.ఎస్. సీట్లో, ఒక లక్షకు పైచిలుకు మాత్రమే. కావున "అర్హత" యనగా సీటు వచ్చినట్లు కాదు. వరుసలో నిలుచుటకు అనుజ్ఞ లభించిన దని మాత్రమే యర్థము. ఈ భేదము నెఱుగక మిఠాయిలు పంచి, పిమ్మట చింతిల్లువారు అనేకులు.

ఆ వరుసలు రెండు. మొదటిది ఢిల్లీనుండి నడచును. రాష్ట్ర ప్రభుత్వ కళాశాలల సీట్లలో నూటికి 15 అఖిలభారత కోటాకు పోవును. వానితోపాటు మనకు సమీపమున నున్న బీబీనగరు ఎయిమ్స్ మొదలగు జాతీయ సంస్థల సీట్లును, డీమ్డు విశ్వవిద్యాలయముల సీట్లును మెడికల్ కౌన్సెలింగ్ కమిటీవారు పంచుదురు. రెండవ వరుస వరంగల్లునుండి నడచును. రాష్ట్రపు వాటా సీట్లను అచటి కాళోజీ నారాయణరావు ఆరోగ్య విజ్ఞాన విశ్వవిద్యాలయమువారు పంచుదురు. ఒకే పిల్లవాడు రెండు వరుసలలోను నిలువవచ్చును. కాని ప్రతి వరుసకును వేఱు దరఖాస్తు, వేఱు రుసుము, వేఱు గడువు గలవు. ఒకచోట పేరు నమోదు చేసికొనిన చాలు, రెండవచోట తనంతట వచ్చునని తలంచుట పొరపాటు. నీట్ ఫలితము వెలువడిన పిదప ఈ రెండు ప్రకటనలకై ప్రతిదినము కనిపెట్టి యుండవలెను. గడువులు దినములలో ముగియునే గాని నెలలు నిలువవు.

ఇక పత్రముల సంగతి. ఇదియే మన పాఠశాలకు మిక్కిలి దగ్గఱి విషయము. రాష్ట్రపు వాటాలో స్థానికులకే ముఖ్యస్థానము. స్థానికుడనగా నెవరు? 2014లో రాష్ట్రము విడిపోయిన తరువాత పదియేండ్ల గడువు 2024 జూన్ 2వ తేదీతో ముగిసెను. ఆ యేటి జూలైలో తెలంగాణ ప్రభుత్వము నియమములను సవరించెను. ఇంటర్మీడియేటుతో ముగియు నాలుగేండ్లు ఎడతెగక ఈ రాష్ట్రముననే చదివి యుండవలె నన్నది అందలి ముఖ్యాంశము. దీనిపై హైకోర్టులో వ్యాజ్యెములు నడచినవి. తుదకు 2025 సెప్టెంబరు 1వ తేదీన సుప్రీముకోర్టు ఆ నియమమును సమర్థించెను. ఉద్యోగరీత్యా వెలుపల నుండవలసి వచ్చిన కొన్ని వర్గముల స్థానికోద్యోగుల పిల్లలకు మాత్రము మినహాయింపు గలదు.

ఈ నాలుగేండ్లు ఏవి? సాధారణముగా తొమ్మిదవ తరగతి, పదవ తరగతి, ఇంటర్మీడియేటు రెండేండ్లు. అనగా నాలుగింట రెండు సంవత్సరములు ఉన్నత పాఠశాలలోనే గడచుచున్నవి! సికిందరాబాదు మొదటినుండియు బదిలీల ఊరు. దండు వెలసిన నాటినుండి సైనికులు వచ్చుచు పోవుచున్నారు. 1966లో దక్షిణమధ్య రైల్వేకు ఇదియే ముఖ్యస్థాన మయ్యెను. తండ్రికి బదిలీ యైన వెంటనే పిల్లవానిని తొమ్మిదవ తరగతి నడుమ గుంటూరునకో నాగపురమునకో తీసికొనిపోయి, మరల ఇంటర్మీడియేటునకు ఇచటికి తెచ్చువారు గలరు. పొరుగు రాష్ట్రమున పేరుపొందిన శిక్షణాలయము గలదని ఇంటర్మీడియేటునకు అచటికి పంపువారును గలరు. ఇట్లు చేయరాదని మేము శాసింపజాలము. కుటుంబపు అవసరములు కుటుంబమునకే యెఱుక. కాని గొలుసులో నొక లంకె తెగిన నేమి పోవునో ముందు తెలిసికొని పిమ్మట నిశ్చయించుట మంచిది. మినహాయింపు తమకు వర్తించు నని యెంచువారు ఆ యేటి ప్రవేశ ప్రకటనను చదివి, దానికి వలయు పత్రమును తమ కార్యాలయమునుండి ముందుగానే సంపాదింపవలెను.

తరువాత పేరు. పాఠశాల రిజిస్టరులో నొక విధముగను, ఆధార్ కార్డులో మఱియొక విధముగను, కుల ధ్రువపత్రములో మూడవ విధముగను పేరున్న పిల్లలు మనలో ఎందఱో గలరు. ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనుక. తండ్రిపేరులో నొక అక్షరము హెచ్చు, పుట్టినతేదీలో నొక అంకె తక్కువ. చిన్నతరగతులలో దీనివలన హాని కానరాదు. పదవ తరగతి మార్కుల మెమోలో అచ్చుపడిన పిదప దిద్దించుట మహాప్రయాస. కావున పదవ తరగతి పరీక్షకు పేర్లు పంపు దినమున తల్లిదండ్రులు స్వయముగా వచ్చి, వివరములను చదివి, సంతకము చేయుట తమ విధిగా నెంచవలెను. ఒక గంట పనిపోవు నని వెనుదీయువారు, ఆ గంటకు బదులు నాలుగేండ్ల తరువాత నెన్ని దినములు కచ్చేరీల చుట్టు తిరుగవలసి వచ్చునో యోచింపవలెను.

కుల, ఆదాయ ధ్రువపత్రములలో నింకొక చిక్కు గలదు. వరంగల్లు వరుసకు రాష్ట్రపు జాబితాలోని వర్గము చూపు పత్రము కావలెను. ఢిల్లీ వరుసలో వెనుకబడిన తరగతుల వారికి కేంద్రపు జాబితా ననుసరించి, సంపన్నశ్రేణికి చెంద రని తెలుపు పత్రము కావలెను. ఈ రెండును ఒకటి కావు. ఆర్థికముగా వెనుకబడినవారి పత్రమున కొక్కొక్క యేటికే చెల్లుబాటు. షెడ్యూల్డు కులములనుండి క్రైస్తవులైన వారిని, వారి సంతతిని మన రాష్ట్రమున బి.సి.–సి వర్గముగా నెంచి నూటికి ఒకటి వంతు కేటాయించినారు. మన పాఠశాలలోని కొన్ని కుటుంబములకిది వర్తించును. మీ సేవా కేంద్రమున దరఖాస్తు పెట్టిన దినముననే పత్రము చేతికి రాదు. తహసీల్దారు విచారణకు దినములు పట్టును. గడువు ముందుండగా పరుగెత్తుటకంటె ఎండకాలమునకు ముందే యీ పని ముగించుకొనుట వివేకము.

ఇంకొక్క సంగతి పలువు రెఱుగరు. సనత్‌నగరులో కార్మికుల భీమా సంస్థవారి వైద్యకళాశాల గలదు. ఇ.ఎస్.ఐ. భీమా గల కార్మికుల పిల్లలకు ఆ సంస్థ కళాశాలలలో కొన్ని సీట్లు ప్రత్యేకముగా నుంచినారు. తండ్రియో తల్లియో కర్మాగారములో, దుకాణములో, ఆసుపత్రిలో పనిచేయుచు నెలనెల జీతమునుండి భీమా చందా చెల్లించుచున్నయెడల, ఆ పిల్లవాడు ఆ సంస్థనుండి తగిన ధ్రువపత్రము పొంది ఢిల్లీ వరుసలో ఆ సీట్లకు పోటీపడవచ్చును. జీతపు చీటీలో కనబడు ఆ కొద్దిపాటి తీసివేతలో ఇంతటి హక్కు దాగియున్న దని యెందఱు కార్మికు లెఱుగుదురు? అటులనే సైనికుల పిల్లలకు, ఎన్.సి.సి.లో చేరినవారికి రాష్ట్రమున ప్రత్యేక వర్గములు గలవు. తమ కేది వర్తించునో వెదకుకొనుట అడుక్కొనుట కాదు, హక్కును వాడుకొనుట.

పత్రములు సరిపడిన పిదప అసలు ఘట్టము వచ్చును: కళాశాలలను కోరుకొను వరుస వ్రాయుట. దీనినే వెబ్ ఆప్షన్లందురు. ఇచటనే మంచి ర్యాంకు వచ్చినవారు సయితము నష్టపడుచున్నారు. యంత్రము పనిచేయు తీరు తెలిసిన ఈ నష్టము రాదు. అది మొదటి ర్యాంకువానినుండి మొదలిడి, ఒక్కొక్కరి కోరికల జాబితాను పైనుండి క్రిందికి చదువును. తన వంతు వచ్చునప్పటికి ఖాళీగా నున్న మొట్టమొదటి కళాశాలను ఇచ్చి, అక్కడితో నిలిచిపోవును. దిగువ వ్రాసినవానిని చూడదు. ఒక విద్యార్థికి గాంధీ కళాశాల అన్నిటికంటె నిష్టము, తరువాత ఉస్మానియా, ఆ తరువాత మహబూబునగరు, కడపట సిద్ధిపేట యనుకొందము. "గాంధీ మనకెక్కడ వచ్చును! వచ్చెడి దానినే ముందు వ్రాయుదము" అని యెవరో చెప్పగా నతడు సిద్ధిపేటను మొదట వ్రాసెను. తన వంతు వచ్చునప్పటికి మహబూబునగరులో సీటున్నను, సిద్ధిపేటలోను ఉన్నది గాన యంత్రము దానినే యిచ్చివేయును. అతనికి రావలసినది అతని చేతివ్రాతయే పోగొట్టెను. గాంధీని మొదట వ్రాసినందున నతని కే నష్టమును లేదు; అది దొరకనిచో యంత్రము రెండవదానికి, మూడవదానికి దిగివచ్చును.

కావున నియమ మొక్కటే: నిజముగా నేది యెక్కువ యిష్టమో దానినే పైన వ్రాయుడు. ఏది వచ్చునో యూహించి వ్రాయకుడు. ఎన్ని కళాశాలలలో చేర సమ్మతింతురో అన్నియు వ్రాయుడు. నాలుగైదు వ్రాసి ఊరకుండకుడు. వచ్చినను చేరము అనుకొనుదానిని మాత్రము వ్రాయకుడు. 2014లో మన రాష్ట్రమున ప్రభుత్వ వైద్యకళాశాలలు ఐదుండగా, 2024 నాటికి 34 అయినవి. గద్వాలలో, ములుగులో, నారాయణపేటలో నేడు వైద్యవిద్య గలదు. నగరముననే చదువవలె నను పట్టుదలతో దూరపు ప్రభుత్వ సీటును విడిచి, అప్పుచేసి సమీపపు ప్రయివేటు సీటును కొనువారిని మేము మెచ్చజాలము. గతసంవత్సరము ఏ ర్యాంకునకు ఎచట సీటు వచ్చినదో తెలుపు జాబితాలను విశ్వవిద్యాలయమువారే ప్రకటింతురు. ఒక సాయంకాలము తండ్రియు, తల్లియు, బిడ్డయు కూర్చుండి వానిని చదివినచో సగము భయము తీరును.

సీట్లు ఒకే విడతలో పంచరు. మొదటి విడతలో వచ్చిన సీటునకంటె మేలైనది తరువాతి విడతలో రావచ్చును. అయితే మేలైనది వచ్చిన వెంటనే పాతది తనంతట రద్దయి వేఱొకరికి పోవును. అయ్యో, మునుపటిదే బాగుండె నన్నను తిరిగి రాదు. కావున రెండవ విడతకు వ్రాయునపుడు, చేతనున్న సీటుకంటె నిజముగా మేలైనవానినే వ్రాయవలెను. అఖిలభారత వరుసలో మొదటి విడత సీటును విడుచుకొనుటకు స్వేచ్ఛ గలదు. పైవిడతలలో ధరావతు పోవును. కట్టకడపటి విడతలో సీటు పొంది చేరనివారు మరుసటి యేటి పరీక్షకే అనర్హు లగుదురు. ధరావతు సొమ్ము ప్రభుత్వ సీట్లకు కొన్నివేలు. డీమ్డు విశ్వవిద్యాలయములకు రెండు లక్షలు. ఇవి యన్నియు ప్రకటనలో వ్రాసియే యుండును. చదువక సంతకము పెట్టుటయే ఆపదకు మూలము.

ఈ గందరగోళములో లాభము పొందువారు దళారులు. ఫలితములు వెలువడిన వారము దినములకే వారి టెలిఫోనులు మ్రోగుట మొదలగును. "మీకు సీటిప్పింతుము, మాకు లోపల మనుష్యులు గలరు" అందురు. ర్యాంకు ననుసరించి యంత్రము పంచు సీటును ఏ మనుష్యుడును లోపలనుండి యిప్పింపజాలడు. తనంతట వచ్చెడి సీటునకు తానే కారణమని చెప్పి సొమ్ము గుంజువాడొకడు. రాని సీటునకు బయానా తీసికొని మాయమగువా డింకొకడు. ప్రయివేటు కళాశాలల సీట్లలో సగము కన్వీనరు కోటాకు, నూటికి 35 యాజమాన్యపు బి వర్గమునకు, 15 ప్రవాస భారతీయుల వర్గమునకు చెందును. ఈ మూడింటికిని నీట్ అర్హత తప్పదు. ఇటీవలి యేండ్లలో కన్వీనరు సీటునకు సాలుసరి రుసుము ప్రభుత్వ కళాశాలలో 10,000 రూపాయలు, ప్రయివేటు కళాశాలలో 60,000 రూపాయలు. బి వర్గపు సీటునకు పదిలక్షలకు పైమాట. ఈ యంతరమే దళారికి జీవనాధారము. ఇల్లు తాకట్టుపెట్టి యొక సీటు కొన్న పిమ్మట, ఆ యింటి రెండవ బిడ్డ చదువు గతి యేమి? ముఖ్యముగా తమ్ముని కొఱకో అన్న కొఱకో ఆడుబిడ్డ చదువును ఆపివేయు ఇండ్లను తలంచుకొని యీ మాట వ్రాయుచున్నాము.

ఇక పాఠశాల కర్తవ్యము. "ఉన్నత పాఠశాల పని పదవ తరగతితో ముగియును, వైద్యప్రవేశముతో దానికేమి సంబంధము?" అని కొంద రడుగవచ్చును. ఆ యాక్షేపణలో కొంత న్యాయము గలదు. ఉపాధ్యాయుల భారము ఇదివఱకే యధికము. ప్రతి బాలుడును వైద్యుడే కావలె నను పిచ్చిని పాఠశాల పెంచరాదు కూడ. అయినను మేము కోరునది స్వల్పము. తొమ్మిదవ తరగతిలో చేరినపుడే ప్రతి విద్యార్థి పేరు, పుట్టినతేదీ, తల్లిదండ్రుల పేర్లు ఆధార్‌తో సరిచూడవలెను. పదవ తరగతి విడుచునపుడు చదువు ధ్రువపత్రమును అడుగకయే యీయవలెను. సంవత్సరమున కొకమాఱు, ఇదివఱకు వైద్యకళాశాలలో చేరిన పూర్వవిద్యార్థులను పిలిపించి, తల్లిదండ్రుల యెదుట రెండుగంటలు మాటలాడింపవలెను. రుసుము చెల్లింపగలవాడు సలహాదారును పెట్టుకొనును; చెల్లింపలేనివానికి పాఠశాలయే దిక్కు. ఈ పత్రములు వైద్యవిద్యకే గాక ఏ పైచదువునకైనను పనికివచ్చును గనుక ఇందు వృథాశ్రమ లేదు.

కడపట, సీటు రానివారిని గుఱించి. పదిమంది వ్రాసినచో నొకరికైన రాదని పై లెక్కలే చెప్పుచున్నవి. రానివారు మందబుద్ధులు కారు. మన యూరికి ప్రపంచమున పేరు తెచ్చిన వైద్యుడు రోనాల్డు రాసు. 1897 ఆగస్టు 20వ తేదీన ఆయన సికిందరాబాదులో దోమ కడుపులో మలేరియా పురుగును కనుగొనెను. 1902లో నోబెలు బహుమానము పొందెను. ఆయన తన వైద్యపు లైసెన్సు పరీక్షలలో నొకదానిని మొదటిమాఱు తప్పి, ఓడపై వైద్యుడుగా కొలువుచేయుచు మరల చదివి 1881లో నెగ్గినవాడు. కావున ఇంకొక యేడు ప్రయత్నించుటలో సిగ్గు లేదు. అటులని ఏండ్లకేండ్లు గదిలో మూసిపెట్టుటయు తగదు. దంతవైద్యము, ఆయుర్వేదము, హోమియో, పరిచారికా విద్య, అంగసాధన చికిత్స, రక్తపరీక్షల విద్య — రోగికి వీరందఱును కావలసినవారే.

తల్లిదండ్రులారా! మీ బిడ్డ ర్యాంకు మీ చేతిలో లేదు. కాని యొక సంచిలో పత్రములను వరుసగా భద్రపఱచుట, ప్రకటనను తుదివఱకు చదువుట, దళారికి తలుపు తెఱవకుండుట, బిడ్డ మనసులోని కోరికను అడిగి తెలిసికొనుట — ఈ నాలుగును మీ చేతిలోనివే. విద్యార్థులారా! ఈ వేసవిలో నొకదినము మీ పెట్టె తెఱచి, మీ పేరు ప్రతి పత్రములోను ఒకే విధముగా నున్నదో లేదో చూచుకొనుడు. లేనియెడల పాఠశాల తెఱచిన మొదటి వారముననే కార్యాలయమునకు వచ్చి చెప్పుడు. శ్రమపడి సంపాదించిన మార్కులు ఒక అక్షరమువలనను, ఒక సంతకమువలనను వ్యర్థము కారాదన్నదే మా కోరిక.